అత్తగారి పాట, అల్లుడి కార్డులు

ఆ ఇంట్లో అల్లుడికి దక్కిన మర్యాదల్లో నిజమైనది ఒక్కటే. అది ఒక కుర్చీ. చేతులు లేని చెక్క కుర్చీ, ఒక కాలు కాస్త పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా, పెద్ద బజారు చివర ఉన్న హోటల్లో, చేతులు కడుక్కునే కుళాయిలకీ వంటగది తలుపుకీ మధ్య ఉన్న అడుగెత్తు వేదిక మీద, ఆ కుర్చీలో కూర్చుని అతను గిటార్ వాయిస్తాడు. పక్కన నిలబడి అత్తగారు పాడుతుంది. వెనక బావమరిది డ్రమ్ములు వాయిస్తాడు. ఎదురుగా మొదటి బల్ల దగ్గర మామగారు కూర్చుని, చల్లారిపోయిన సూపులో చెంచా తిప్పుతూ ముగ్గురి తప్పులూ ఏరుతుంటాడు.

అసలు ఆ కుర్చీ మామగారిదే. ముప్పై ఒక్క ఏళ్ళు అందులో కూర్చుని ఆయనే వాయించాడు. వేళ్ళు బిగుసుకుపోయి పిడికిలి కూడా సరిగ్గా పట్టలేని స్థితి వచ్చాక, వేరే దారి లేక గిటార్ తెచ్చి అల్లుడి ఒళ్ళో పెట్టాడు. అప్పగించేటప్పుడు ఆశీర్వాదం లాంటిదేమీ ఇవ్వలేదు. “చెప్పింది చెప్పినట్టు వాయించు, సొంత తెలివి వద్దు” అన్నాడంతే.

వాళ్ళవి జాజ్ పాటలు. అన్నీ మామగారు వయసులో ఉండగా కట్టినవి, మాటలు అత్తగారివి. మొత్తం ఇరవై రెండు. పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేక అంకెలతోనే పిలుచుకుంటారు. ఒక్కో పాటకీ నాలుగైదు కార్డులు. గిటార్ కార్డంటే మరేం లేదు, ఎడమచేతి వేళ్ళు తీగల మీద ఒక పద్ధతిలో నొక్కిపట్టి కుడిచేత్తో మీటితే ఒక్కసారిగా మోగే నాలుగైదు స్వరాలు. పాడేవాళ్ళ కాళ్ళ కింద నేల లాంటివవి. జాజ్ వాయించేవాళ్ళు ఆ నేలని పూటకో రకంగా పరుస్తారు. మామగారు మాత్రం ఒకేసారి సిమెంటు చేసి వదిలేశాడు.

“పాటకి అన్నం పెట్టాలోయ్, నగలు పెట్టకూడదు. నాది సాదా చెయ్యి” అనేవాడాయన, ఎవరూ అడక్కపోయినా. ఆ మాట ఎప్పుడొచ్చినా అత్తగారు ఎక్కడున్నా సరే అందుకునేది. “ఆయన సాదాతనమే నాకిష్టం బాబూ. మీరూ అలాగే వాయించండి.”

అల్లుడు అలాగే వాయించాడు. నాలుగేళ్ళు. వారంలో ఆరు రోజులు అతను కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేసి అద్దాలు బిగించేవాడు. అత్తారింట్లో అతను బల్బు మారిస్తే వీధంతా చీకటైంది. గోడకి మేకు కొడితే పక్కింటి వాళ్ళ అద్దం పడింది. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే బావమరిది, బావ బండి నడుపుతుంటే వెనక సీట్లోంచే లేని బ్రేకు తొక్కేవాడు. ఆదివారం ఆ రెండున్నర గంటలు మాత్రం, ఎవరైనా అడిగితే, “మా అల్లుడు, గిటార్ వాయిస్తాడు” అని చెప్పుకోవడానికి వాళ్ళకి అతను పనికొచ్చేవాడు. ఆ మాట వినడానికి అతను వారమంతా ఎదురుచూసేవాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? మనిషన్నాక ఎక్కడో ఒకచోట పనికిరావాలి కదా.

ఆ కుర్చీకే ఎసరొచ్చింది.

ఒక ఆదివారం వాద్యాలు సర్దుతుండగా హోటల్ యజమాని వచ్చి నిలబడ్డాడు. భారీ మనిషి, చెప్పడానికి ఇబ్బందైన సంగతి ఏదైనా ఉంటే కళ్ళజోడు తీసి తుడుస్తూ చెప్తాడు. ఆ కళ్ళజోడు అల్లుడు బిగించిందే.

“ఏమీ అనుకోకండి. అమ్మగారి గొంతుకి వంక పెట్టలేం. డ్రమ్ములు సరే. ఈ గిటారే... ఏ పాటైనా ఒక్కలాగే ఉంటోంది. జనం రెండో పాటకే బిల్లు అడుగుతున్నారు.” ఇంకోసారి అద్దాలు తుడిచాడు. “మా మరదలు కీబోర్డు నేర్చుకుంది. నాకు తొందరేం లేదు. మూడు వారాలు చూస్తాను.”

మామగారు సూపు మీద దృష్టి పెట్టాడు. బావమరిది డ్రమ్ముకి గుడ్డ కప్పుతూ ఉండిపోయాడు. అత్తగారు ఒక్క మాటైనా అంటుందేమోనని అల్లుడు చూశాడు. ఆవిడ మైకు తీగ చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంది. యజమాని మాట కన్నా ఆ మౌనమే అతనికి ఎక్కువగా గుచ్చుకుంది.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే విభాగంలో పని చేస్తుంది, ఏ సంగతైనా దాని గదిలో అది పడెయ్యడం అలవాటు. “అయితే కార్డులు మార్చండి” అంది.

“మామయ్యగారు ఊరుకోరు.”

“నాన్న వాయించట్లేదుగా ఇప్పుడు.”

మర్నాడే అతను పాత పుస్తకాల దుకాణంలో ఒక లావుపాటి గిటార్ పుస్తకం పట్టుకొచ్చాడు. అట్ట లేదు, అందువల్ల రాసిందెవరో కూడా తెలీదు. మొదటి పాఠంలోనే అతనికి కావలసింది దొరికింది. మామూలు కార్డుకి అన్నిటికన్నా పైన, సన్న తీగ మీద, ఇంకో స్వరం చేర్చు. అప్పటిదాకా బనీనుతో కూర్చున్న కార్డు లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. నిజంగానే అలా ఉంది. అతనికి ఆనందం పట్టలేదు. దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం పక్కన కూర్చుని వారమంతా ఆ కొత్త స్వరం సాధన చేశాడు. కళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళని అద్దం మార్చి మార్చి “ఇది బాగుందా, ఇదా?” అని అడిగిన నోటితోనే, రెండు కార్డులు వినిపించి అదే ప్రశ్న వేసేవాడు. ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి, రెండోదాంతో అక్షరాలు కాస్త స్పష్టంగా ఉన్నాయన్నాడు. భార్య తల దువ్వుకుంటుంటే అద్దం ముందు నిలబడి వాయించి, “ఇదా, ఇదా?” అన్నాడు.

“మొదటిదానికీ రెండోదానికీ మధ్య నాకు ఆఫీసుకి ఆలస్యమైంది” అంది ఆవిడ.

ఆదివారం వచ్చింది. ఏడో నంబరు పాటతో మొదలుపెట్టారు. ఆ పాటకి ముందు గిటార్ కాసేపు ఒంటరిగా మోగుతుంది, చివరి కార్డు మోగగానే అత్తగారు ఎత్తుకోవాలి. ఆ చివరి కార్డుకే అల్లుడు తన కొత్త చొక్కా తొడిగాడు. సన్న తీగ మీద ఆ స్వరం ముత్యంలా పలికింది.

అత్తగారు ఎత్తుకుంది. రెండు మెట్లు పైన.

ఒక్క పంక్తి పూర్తయ్యేసరికి అతని చెవుల్లో ఇనుము మీద ఇనుము గీరుతున్నట్టయింది. ఆవిడ ఒక శ్రుతిలో, గిటార్ ఒక శ్రుతిలో. ఆపడానికి లేదు. మామగారు పెట్టిన చట్టం ఒకటుంది: పాట మొదలయ్యాక ఇల్లు కాలిపోతున్నా ఆపకూడదు. పైగా ఈ హోటల్లో పళ్ళెం పడితే ఎవరూ చూడరు గానీ పాట ఆగితే అందరూ తల తిప్పుతారు. అతను చెమటలు కక్కుకుంటూ చేతిని రెండు మెట్లు పైకి జరిపి ఆవిడని అందుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాడు. చరణం చివర, పరువు దక్కించుకోవాలన్న తాపత్రయంలో, మళ్ళీ ఆ కొత్త స్వరమే మీటాడు.

రెండో చరణం అత్తగారు ఇంకో రెండు మెట్లు పైన ఎత్తుకుంది.

అతను వెంటపడ్డాడు. చేరుకున్నాడు. చరణం చివర అలవాటైపోయిన వేలు మళ్ళీ అక్కడే పడింది. ఆవిడ మళ్ళీ ఎక్కింది. ఇలా ఒకరినొకరు తరుముకుంటూ నాలుగో చరణానికి వచ్చేసరికి అతని ఎడమ చెయ్యి గిటార్ మెడ దాటి పొట్ట దగ్గరికొచ్చేసింది. ఇంకో చరణం ఉండి ఉంటే పక్కబల్ల మీద వాయించాల్సి వచ్చేది. అత్తగారి గొంతు ఎంత పైకి వెళ్ళిందంటే, మూలబల్ల దగ్గర అప్పటిదాకా గుక్కపట్టి ఏడుస్తున్న పసిపాప ఏడుపు మానేసి నోరు తెరుచుకుని చూసింది. బావమరిది కుడికాలు డ్రమ్ము తొక్కడం మానేసి, పక్కనున్న గాల్లో బ్రేకు కోసం వెతికింది.

పాట అయ్యాక ఒక బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. అదేదో పందెం అనుకున్నట్టున్నారు. యజమాని కళ్ళజోడు తీశాడు.

“రెండు వారాలు” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బండి అల్లుడు నడుపుతున్నాడు. సగం దారిలో వెనకనుంచి అత్తగారు ఎంతో మర్యాదగా అంది. “బాబూ, నన్ను అంత పైకి తీసుకెళ్తారని ముందే చెప్తే స్వెటర్ తెచ్చుకునేదాన్ని.”

“నేను తీసుకెళ్ళలేదత్తయ్యా. మీరే...”

“ఆవిడకి శ్రుతి పుట్టుకతో వచ్చిందోయ్” అన్నాడు మామగారు ముందు సీట్లోంచి. “నేను వాయించిన ముప్పై ఒక్క ఏళ్ళలో వెంట్రుకవాసి తప్పలేదు. తప్పు చేసింది నువ్వు.”

అల్లుడు గేరు విసురుగా మార్చాడు. తను శ్రుతి మార్చలేదు, ఆవిడే మార్చింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పొరపాటైతే ఒకసారి జరుగుతుంది. ఇది పొరపాటు కాదు, ఆవిడకి యజమాని మరదలే కావాలి, తను వద్దు. ఆ ఆలోచన ఒకసారి బుర్రలో పడ్డాక ఇక దానికి సాక్ష్యాలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. కిందటి నెల తనకి కాఫీలో చక్కెర తక్కువ వెయ్యడం కూడా అందులో భాగమే అనిపించింది.

బుధవారం సాయంత్రం, ముఖాముఖి తేల్చుకుందామని భార్యని వెంటబెట్టుకుని అత్తారింటికి వెళ్ళాడు. వెళ్ళగానే మామగారు కళ్ళజోడు ముక్కు మీద నిలవట్లేదని చేతికిచ్చాడు. ముందుగదిలో కూర్చుని దాన్ని సరిచేస్తూ అల్లుడు మనసులో మాటలు కూడదీసుకుంటున్నాడు. వంటింట్లో అత్తగారు గిన్నెలు తుడుస్తూ ఏడో పాట కూనిరాగం తీస్తోంది. సరిగ్గా శ్రుతిలో ఉంది. అది విని అతనికి ఇంకా మండింది.

అంతలో ఫ్రిజ్ మోటారు గుర్రుమని మొదలైంది.

అత్తగారి కూనిరాగం మెల్లిగా జారి వెళ్ళి ఆ గుర్రులో కలిసిపోయింది. ముక్క తెగలేదు, ఊపిరి ఆగలేదు, పాట మాత్రం వేరే శ్రుతిలోకి వెళ్ళిపోయింది. అల్లుడి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. పక్కింట్లో ఎవరో గోడకి డ్రిల్లు పెట్టారు. అత్తగారు డ్రిల్లు శ్రుతికి ఎక్కింది. డ్రిల్లు ఆగింది. కాసేపటికి మళ్ళీ ఫ్రిజ్‌లోకి దిగింది.

అతను లేచి గోడకున్న పాత గిటార్ తీశాడు. సన్న తీగ మీద ఒక్క స్వరం మెల్లిగా మీటాడు. వంటింట్లో కూనిరాగం ఆ స్వరానికి వచ్చి చేరింది. ఇంకో స్వరం మీటాడు. అక్కడికీ వచ్చింది. పిలిస్తే వచ్చినట్టు వచ్చింది.

భార్యని వరండాలోకి లాక్కెళ్ళాడు. “మీ అమ్మ ఎప్పుడూ ఇంతేనా?”

“ఎంతేనా?”

“ఏది మోగితే దాని శ్రుతి పట్టుకుంటున్నారు.”

“ఓ, అదా” అంది ఆవిడ. “చిన్నప్పుడు నేనూ తమ్ముడూ మిక్సీ వేసి అమ్మని పైకెక్కించేవాళ్ళం. ఆపితే పాపం అక్కడే ఉండిపోయేది.”

“నాలుగేళ్ళయింది మన పెళ్ళయి. నాకెందుకు చెప్పలేదు?”

“అందరి అమ్మలూ అంతే అనుకున్నాను.”

అతను నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. “అత్తయ్యా, పాట ఎత్తుకునేటప్పుడు మీరు స్వరం ఎక్కణ్ణుంచి తీసుకుంటారు?”

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. “ఎక్కణ్ణుంచో తీసుకోవడమేంటి బాబూ. లోపల్నుంచే వస్తుంది.”

“పుట్టుకతో వచ్చిందోయ్” అని ముందుగదిలోంచి మామగారి గొంతు.

అత్తగారు అల్లుడి వంక చూసింది. ఆ చూపు అతనికి బాగా తెలుసు. దుకాణానికి నెలకొకరైనా అలాంటివాళ్ళు వస్తారు. డ్రైవింగ్ లైసెన్సు పోతుందన్న భయంతో, గోడమీది పట్టికలో అక్షరాలు వరసగా బట్టీ పట్టుకుని వచ్చి, చదివినట్టు అప్పజెప్తారు. వరస మార్చి ఒక అక్షరం చూపించగానే వాళ్ళ కళ్ళలో సరిగ్గా ఆ బెదురే కనిపిస్తుంది. ముప్పై అయిదేళ్ళుగా ఈ మనిషి అలా బట్టీపట్టి నెట్టుకొస్తోంది. మామగారి పాత కార్డుల్లో, అన్నిటికన్నా పైన మోగే స్వరం ఆవిడ ఎత్తుకోవలసిన స్వరమే. ఆవిడకి అదే ఊతకర్ర. తను దాన్ని లాగేసి, పైగా ఆవిడ మీదే అనుమానపడ్డాడు. అల్లుడికి తనమీద తనకే రోతపుట్టింది.

“అవునత్తయ్యా. నేనూ అదే అనుకున్నాను” అన్నాడు. కాఫీ ఇస్తే చక్కెర తక్కువైనా గడగడా తాగేశాడు.

ఇప్పుడు చిక్కు ఇంకా బిగిసింది. కార్డులు మార్చకపోతే కుర్చీ పోతుంది. మారిస్తే అత్తగారు మళ్ళీ అటకెక్కుతుంది. ఎవరికీ చెప్పుకోవడానికీ లేదు. చెబితే ఆవిడ పరువు పోతుంది. రెండో ఆదివారం భయపడి పాత పద్ధతిలోనే వాయించాడు. యజమాని పాట మధ్యలో ఆవులించాడు. ఆయన మరదలు కూడా వచ్చింది. చలాకీ మనిషి, నవ్వుతూ అందరినీ పలకరించి, మూడో పాట జరుగుతుండగానే టేపు తీసి వేదిక వెడల్పు కొలిచింది. కుర్చీ అడ్డొస్తే అల్లుణ్ణి కాస్త జరగమంది. అతను జరిగాడు.

మంగళవారం దుకాణంలో ఒక డ్రాయింగ్ మాస్టారికి కళ్ళు పరీక్ష చేస్తున్నాడు. గుండ్రటి పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం తీసి ఇంకోటి వేస్తున్నాడు.

“చూపు కదపకండి మాస్టారూ. ఆ చివరి అక్షరమొక్కటే చూస్తూ ఉండండి. అద్దాలు నేను మారుస్తాను.”

ఆ మాట అంటూనే ఆగిపోయాడు. అక్షరం కదలదు. కింద అద్దాలే మారతాయి. డ్రాయింగ్ మాస్టారు ఆ అక్షరాన్నే చూస్తూ అయిదు నిమిషాలు కూర్చున్నాడు. అల్లుడు వెనక గదిలో గిటార్ ముందేసుకుని ఉన్నాడు.

చిటికెనవేలు సన్న తీగ మీద, అత్తగారి స్వరం దగ్గర పెట్టాడు. దాన్ని ఇక కదపకూడదు. మిగతా మూడు వేళ్ళూ, కింద తీగలూ తన ఇష్టం. పాత కార్డు మీటాడు. తర్వాత కింది లావు తీగని ఒక్క మెట్టు దించి మీటాడు. మామూలు గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టయింది. ఇంకో మెట్టు దించాడు. మబ్బు పట్టింది. మధ్యవేలు మార్చాడు. మళ్ళీ వెలుతురొచ్చింది. పైన మాత్రం అదే స్వరం, ఉన్నచోటే ఉంది. ప్రతిసారీ అది కొత్తగా వినిపిస్తోంది, కానీ అది కదల్లేదు. ఇన్ని రంగులు ఆ ఒక్క స్వరం కింద ఇన్నాళ్ళూ ఖాళీగా పడున్నాయా అనుకుని మళ్ళీ మొదటినుంచీ మీటాడు.

“ఇదే బాగుంది” అని ముందుగదిలోంచి డ్రాయింగ్ మాస్టారు కేకేశాడు. అద్దం సంగతో కార్డు సంగతో అతను అడగలేదు.

చెప్పడం తేలికే. చిటికెనవేలిని అలా బిగించి మిగతా వేళ్ళని నడిపించడమంటే, ఒంటికాలి మీద నిలబడి బట్టలు పిండటమే. గురువారానికి వేలు వాచింది. శుక్రవారం ఆ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేక భార్యని పిలిచాడు. ఆవిడ గుండీలు పెడుతూ, “ఇంత అవసరమా?” అంది. “అవసరమే” అన్నాడు. ఆవిడ చివరి గుండీ కూడా పెట్టింది.

మూడో ఆదివారం హోటల్ నిండుగా ఉంది. ఆ వారం భార్య కూడా వచ్చింది. యజమాని మరదలు మొదటి వరసలో కూర్చుంది. గోడవారగా ఆవిడ కీబోర్డు పెట్టె కూడా వచ్చేసింది. అల్లుడు ఏడో పాట మొదలుపెట్టాడు. చివరి కార్డు దగ్గరికొచ్చేసరికి అతని గుండె చప్పుడు బావమరిది డ్రమ్ము కన్నా గట్టిగా ఉంది. చిటికెనవేలు దాని చోట పడింది.

అత్తగారు ఎత్తుకుంది. ఎక్కడ ఎత్తుకోవాలో అక్కడే.

ఇక అతను బయల్దేరాడు. ఆవిడ చరణం ఎత్తుకునే ప్రతిచోటా, ఆవిడ స్వరాన్ని చిటికెనవేలితో పైన నిలబెట్టి, దాని కింద నేలని మెట్లు మెట్లుగా దించాడు, తిప్పాడు, నీడలోకి తీసుకెళ్ళి ఎండలోకి తెచ్చాడు. అత్తగారు బండరాయిలా నిలబడి పాడింది. ముందు దగ్గరి బల్లల దగ్గర చెంచాల చప్పుడు తగ్గింది. బిల్లు అడగడానికి చెయ్యెత్తిన ఒకాయన ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేశాడు. వంటగది తలుపు తెరిచి వంటాయన తొంగిచూశాడు. ఈ పాట ఇన్నేళ్ళూ గోడ అవతలనుంచి వింటున్నా, ఇది ఆ పాటేనని అతనికి నమ్మకం కలగలేదు. మామగారి చెంచా సూపులో నిలబడిపోయింది. ఆయన కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

పాట అయ్యాక చప్పట్లు చాలాసేపు వచ్చాయి. మరదలు లేచి వచ్చి అల్లుడి చేతివైపే చూస్తూ, “మా బావకి నేను చెప్తాన్లెండి. కీబోర్డు తీసుకెళ్ళిపోతాను. ఆ వేలు ఏం చేస్తోందో మాత్రం నాకు నేర్పాలి” అంది. యజమాని కళ్ళజోడు తుడవకుండానే మాట్లాడాడు. “ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచారండీ?” అని అడిగి, జవాబు వినకుండా సూపులు పంపించాడు. కుర్చీ దక్కింది.

అత్తగారు మైకు తీగ చుడుతూ తృప్తిగా అంది. “చూశారా బాబూ, ఏదీ మార్చకుండా మీ మామగారిలా వాయిస్తే ఎంత హాయిగా ఉందో.”

బావమరిది చేతిలో కర్ర కిందపడింది. “అమ్మా, బావ మొత్తం మార్చేశాడు.”

“మారిస్తే నాకు తెలీదేంట్రా” అంది అత్తగారు. అని, చుట్టూ ఉన్న మొహాలు చూసింది. అల్లుడు గిటార్ పెట్టెలోకి తలదూర్చి లేని వస్తువు కోసం వెతుకుతున్నాడు. ఆవిడ అతని వాచిన చిటికెనవేలు చూసింది. చాలాసేపు చూసింది. వెళ్ళి బండిలో కూర్చుంది.

అందరూ ఎక్కారు. వెనక అత్తగారికీ కూతురికీ మధ్య బావమరిది, అతని ఒళ్ళో డ్రమ్ము. అల్లుడు ఇంజను వేశాడు. ముందు సీట్లో మామగారు బిగుసుకుపోయిన తన వేళ్ళని మోకాలి మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు.

“బాగా వాయించావోయ్” అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు. “పెళ్ళికి ముందు నేనూ ఇలాంటి వేషాలు వేసేవాణ్ణి. తర్వాత ఎందుకో ఆ రుచి పోయింది. ఏం చేస్తాం, నాది సాదా చెయ్యి. దేవుడు అంతే ఇచ్చాడు.”

వెనక సీట్లో మైకు సంచి కింద పెట్టిన చప్పుడైంది.

“దేవుడు కాదండీ” అంది అత్తగారు. “నేను.”

మామగారు వెనక్కి తిరగలేదు.

“పెళ్ళయిన కొత్తలో ఒకసారి మీరు కొత్తగా ఏదో వాయించారు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలీక గొంతు నొప్పని దిగిపోయాను. ఆ మర్నాడు, మీరు సాదాగా వాయిస్తేనే నాకిష్టమని చెప్పాను. మీరు నమ్మేశారు.” ఆవిడ ముందు సీటు అంచు పట్టుకుంది. “నాకు శ్రుతి పుట్టుకతో రాలేదండీ. మీ పైతీగ వింటాను, దాన్నిబట్టి ఎత్తుకుంటాను. అది లేకపోతే నాకు ఏమీ తెలీదు. అల్లుడుగారు కనిపెట్టి కూడా నన్ను బయటపెట్టలేదు. మీరు మిమ్మల్ని తక్కువ చేసుకుంటుంటే ఇక నేను వినలేను.”

బావమరిది వెనక సీట్లోంచి బ్రేకు తొక్కాడు. బండి ఇంకా కదల్లేదు.

“ముప్పై అయిదేళ్ళు” అన్నాడు మామగారు చివరికి. “నేను సాదా మనిషినని నలుగురికీ చెప్పుకు తిరిగాను. ఆ మాట మీద ఒక్క గళ్ళచొక్కా కూడా కొనుక్కోలేదు.”

మొదట కూతురికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది గానీ కుదర్లేదు. అత్తగారు కొంగు కళ్ళకద్దుకుంటూనే నవ్వింది. మామగారు మాత్రం నవ్వలేదు. ఆయన పెదాలు మెల్లిగా కదులుతున్నాయి.

“ఏడో పాటలో రెండో చరణం” అన్నాడు అల్లుడితో. “ఇవాళ నువ్వు కిందికి దిగావు చూడు, అక్కడ దిగక్కర్లేదు. ఎక్కొచ్చు. పాట కట్టిన రోజే నాకు అనిపించింది.”

“ఎలా మామయ్యగారూ?”

“ఇంజను ఆపు.”

“ఎందుకండీ?”

“మోగుతుంటే ఆవిడ దాని శ్రుతి పట్టుకుంటుంది.”

అల్లుడు ఇంజను ఆపాడు. మామగారు సీట్లో కష్టపడి వెనక్కి తిరిగి, భార్య మొహంలోకి చూస్తూ, తన బొంగురు గొంతుతో ఆవిడ స్వరం అందించి ఆగాడు. ఆవిడ అందుకునేదాకా ఆగాడు. ఆవిడ పాట ఎత్తుకున్నాక తన గొంతు కిందికి దించి, అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కడం మొదలుపెట్టాడు. బావమరిది డ్రమ్ము మీద మునివేళ్ళతో తట్టాడు. అల్లుడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు. ఆయన చెప్పింది నిజమే, అక్కడ ఎక్కాల్సిందే.

వెనకెవరో దారి కోసం హారన్ కొట్టారు. పెద్ద బండి, పొడుగాటి హారన్. అల్లుడు గుండె చిక్కబట్టుకున్నాడు.

అత్తగారి స్వరం కదల్లేదు. ఆవిడ మామగారి దగ్గరే ఉంది.